రివర్స్ వేరు, రివర్ట్ వేరు: ఒక మత్తు డాక్టరమ్మ మాట

మొన్న హిమజ నాకు ఫోనులో ఓ పొడుగాటి సందేశం పెట్టింది. మా పిన్ని మనవరాలు. ఎంబీబీఎస్ అయింది, మత్తు వైద్యంలో పీజీ సీటు వచ్చింది. "ఈ బ్రాంచిలో చేరమంటారా పెద్దమ్మా? కష్టం ఎక్కువ, పేరు రాదు అంటున్నారు. మీ అనుభవం చెప్పండి" అని అడిగి, చివర్న "కైండ్లీ రివర్ట్" అని ముగించింది.

నవ్వొచ్చింది. ఆఫీసుల్లో అందరూ రాసే మాటే అది. జవాబివ్వండి అని వాళ్ళ ఉద్దేశం. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రుల్లో ముప్పై నాలుగేళ్ళు మత్తిచ్చిన నాకు ఆ మాట వింటే ఇప్పటికీ లేచి వార్డుకి పరిగెత్తాలనిపిస్తుంది. ఎందుకో చెబితే హిమజ అడిగినదానికి జవాబు కూడా అందులోనే వచ్చేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించీ, రాని ప్రమోషన్ల గురించీ ఇందులో ఏమీ ఉండదు. ఎవరికి కావాలి అవి?

మా పనిలో రెండు మాటలున్నాయి. ఒకటి రివర్స్. పెద్ద ఆపరేషన్‌కి ముందు మేము రోగి కండరాలన్నీ సడలిపోయే మందు ఇస్తాం. కడుపు గట్టిగా బిగుసుకుని ఉంటే సర్జను కత్తి పెట్టలేడు. పని అయ్యాక ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి ఆ సడలింపును వెనక్కి తిప్పుతాం. అది రివర్స్ చెయ్యడం. రెండోది రివర్ట్. మనం వెనక్కి తిప్పిన మనిషి, అంతా బాగుందనుకున్నాక, ఎవరూ ఏమీ చెయ్యకుండానే మళ్ళీ ఆ సడలింపులోకి జారిపోవడం. మొదటిది మన చేత్తో చేసేది. రెండోది మనం వీపు తిప్పాక జరిగేది. బండి తిప్పడానికి మనిషి కావాలి, పాలు విరగడానికి ఎవరూ అక్కర్లేదు కదా.

నిఘంటువు చూస్తే రెండూ పక్కపక్క ఇళ్ళల్లాగే ఉంటాయి. నేను కూడా చాలాకాలం ఒకే ఇల్లనుకున్నాను. ఆ తప్పుకు ఒక మనిషి ప్రాణం పోవలసింది.

నిద్రపుచ్చడం కాదు పని

మత్తు డాక్టరంటే నిద్రపుచ్చేవాళ్ళని జనం అనుకుంటారు. నిద్రపుచ్చడం ప్రతి అమ్మా చేస్తుంది. మా పని తిరిగి తీసుకురావడం.

ఒక మాట ఒప్పుకోవాలి. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని వేలమందికి ఇచ్చానో లెక్కపెట్టలేదు కానీ, ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. కొబ్బరిచెట్టు చివరిదాకా ఎక్కి దిగే మనిషి, నా కళ్ళముందే, నూరు లెక్కపెట్టేలోపు రెప్ప కూడా ఎత్తలేడు. ఛాతీ కదలదు. ఆ క్షణం నుంచి అతని ఊపిరి నా అరచేతిలో రబ్బరు బుడగలో ఉంటుంది. నేను నొక్కితే ఉంది, లేకపోతే లేదు. మా నాన్న విజయనగరంలో పిల్లలకి వయొలిన్ నేర్పేవారు. కమాను తీసేశాక కూడా తీగ మీద నాదం ఎంతసేపు నిలుస్తుందో వినమనేవారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ మాట విసుగ్గా ఉండేది. బుడగ చేతికొచ్చాక ఆయన చెప్పినట్టే వినడం మొదలుపెట్టాను.

ఇది అలవాటైపోతుందని సీనియర్లు చెబుతారు, హిమజా. అలవాటైపోయినవాళ్ళని చూశాను. వాళ్ళ దగ్గర నా వాళ్ళెవరికీ మత్తిప్పించను.

బెల్లం వ్యాపారి కొడుకు

నేను చేరిన కొత్తలో మా పెద్ద డాక్టరు సన్యాసిరావు గారు. గజపతినగరంలో బెల్లం వ్యాపారం చేసే కుటుంబం. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఆసుపత్రి శ్రీకాకుళం జిల్లాలో ఓ చిన్న సర్కారీ ఆసుపత్రి. రెండు థియేటర్లు, ఒక్క వెంటిలేటర్ కూడా లేదు.

చేరిన నెలకి ఒకరోజు కేసులన్నీ అయ్యాక నన్ను ఆపరేషన్ టేబుల్ మీద పడుకోమన్నారు. పడుకున్నాను. పైన దీపాలు ముఖం మీద. ఎవరెవరో నా మీంచి మాట్లాడుకుంటున్నారు. థియేటర్ అసిస్టెంట్ సింహాచలం రేపటి కూర గురించి ఏదో అంటున్నాడు. నన్ను ఎవరూ చూడడం లేదు. పావుగంట అలాగే ఉంచి, లేచాక అడిగారు.

"ఏటనిపించింది?"

"భయమేసిందండి."

"నీకు జబ్బు నేదు, కోత నేదు. అయినా భయమేసింది. అది మర్చిపోకు."

ఆయనకి ఇంకో అలవాటుండేది. ఏ రోగి వచ్చినా మత్తిచ్చే ముందు పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని, మన వైపు ముసలాళ్ళు అరుగుమీద అడిగినట్టు అడిగేవారు. ఏ ఊరు? ఎవరి తాలూకా? ఏం పని చేస్తావు? ఏ నుయ్యి నీళ్ళు తాగుతావు? రోగి భయం పోగొట్టడానికి కబుర్లాడుతున్నారనుకునేదాన్ని. ఒకసారి ఆ మాటే అన్నాను.

"కబుర్లేటి? మా నాన్న బేరం మొదలెట్టే ముందు ఊరడిగేవాడు. ఊరు తెలిస్తే బెల్లం తెలిసిపోద్దనేవాడు. నేనూ అంతే" అన్నారు. ఏదో ఛలోక్తి అనుకుని ఊరుకున్నాను. నా బుద్ధి అలా తగలడింది.

రివర్సల్ ఇంజెక్షన్ ఇచ్చాక రోగి తల ఎత్తి, అయిదు లెక్కపెట్టేదాకా అలాగే ఉంచాలి. ఎక్కడైనా ఇదే పరీక్ష. నేను ఉత్సాహంగా "తల ఎత్తాడండి" అని చెబితే ఆయన తలూపేవారు కాదు. "ఇంజెక్షనిచ్చిన అరగంటలో ఎవడైనా బాగుంటాడు. గంట తర్వాత ఎలాగున్నాడో అది సెప్పు నాకు" అనేవారు. చాదస్తమనుకునేదాన్ని.

తిరుపతిరావు

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి కడుపులో పేగుకి రంధ్రం పడిన కేసు వచ్చింది. పేరు తిరుపతిరావు, నలభై ఏళ్ళుంటాయి. కొబ్బరికాయలు దింపే పని. రెండు రోజులుగా వాంతులు. కడుపు పలకలా గట్టిగా ఉంది. వెంట భార్య దాలమ్మ వచ్చింది. అంతకు మించి ఎవరూ లేరు.

పెద్దాయన డ్యూటీ లేదు. కేసు నాదే. రక్తపరీక్షలో యూరియా, కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సింది, కాస్త ఎక్కువగా ఉంది. రెండు రోజులుగా వాంతులు, నీళ్ళు తాగలేదు, అందుకే అయ్యుంటుందనుకున్నాను. పుస్తకంలో అలాగే ఉంటుంది కూడా. సర్జను తొందరపడుతున్నాడు. కడుపులో చీము చేరితే ప్రతి నిమిషమూ నష్టమే కాబట్టి ఆ తొందరని తప్పుపట్టను. మత్తిచ్చాను, కండరాల మందిచ్చాను. మధ్యలో "ఇంకొంచెం వదులు చెయ్యండి మేడమ్" అన్నాడు. ఇంకొంచెం ఇచ్చాను. అప్పట్లో మాకు దొరికే ఆ మందు ఒంట్లోంచి బయటికి పోవాలంటే ముఖ్యంగా కిడ్నీల దారినే పోవాలి. అది నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

పదకొండున్నరకి పని అయింది. రివర్సల్ ఇంజెక్షనిచ్చాను. తిరుపతిరావు కళ్ళు తెరిచాడు. గొంతులోని ఊపిరి గొట్టం తీశాను. తల ఎత్తమంటే ఎత్తాడు, అయిదు కాదు ఏడు లెక్కపెట్టాను. చెయ్యి నొక్కమంటే నా వేళ్ళు నలిగాయి. చెట్లెక్కే చెయ్యి మరి. అప్పుడు పెద్దాయన్ని అనుకరిస్తూ, ముచ్చటపడి అడిగాను.

"ఏ ఊరు నీది?"

"ఉద్దానమమ్మా" అని, ఊరి పేరు కూడా చెప్పాడు.

నేను ఆ గొంతు విన్నాను, ఊరు వినలేదు. గొంతు స్పష్టంగా ఉంది, మనిషి వచ్చేశాడు, నా పని అయిపోయింది. కేసు షీటులో "రివర్స్‌డ్" అని రాసి సంతకం పెట్టి వార్డుకి పంపించేశాను. తర్వాతి కేసు బయట ఎదురుచూస్తోంది.

చెప్పులతో వచ్చిన మనిషి

ఒంటిగంట దాటింది. తర్వాతి రోగికి వెన్నులో సూది ఇవ్వడానికి వీపు తుడుస్తున్నాను, ఇంకా గుచ్చలేదు. థియేటర్ తలుపు తోసుకుని దాలమ్మ లోపలికొచ్చింది. కాళ్ళకి బురద చెప్పులు.

"ఎవరమ్మా నువ్వు, చెప్పులతో లోపలికొచ్చేశావు? బయటికి వెళ్ళు" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె కదల్లేదు. "డాక్టరమ్మా, ఇందాకంతా ఆయన నా సెయ్యి నొక్కతన్నాడు. ఇప్పుడు నొక్కట్నేదు."

"నిద్రపోతున్నాడేమోనమ్మా. మత్తు ఇంకా ఉంటుంది."

"నిద్ర నేదమ్మా. కళ్ళు సగం తెరిసే ఉన్నాయి. నన్నే సూస్తన్నాడు. పిలిస్తే పలకట్నేదు. ఊపిరి గొంతుకాడే ఆడతన్నాది. పక్క మంచం ముసిలామెకి ఆ సెయ్యి అప్పసెప్పి వొచ్చినాను. బేగి రా తల్లీ."

అప్పుడు నాకు అర్థమైంది. చేతిలో దూది అక్కడే పడేసి పరిగెత్తాను. ఆ వరండా ఎంత పొడుగో అంతకుముందు నాకు తెలియదు. తిరుపతిరావు పెదాలు నీలంగా మారుతున్నాయి. రెప్పలు సగానికి దిగిపోయాయి. ఛాతీ పైన మాత్రం కొంచెం ఎగురుతోంది, పొట్ట కదలడం లేదు. ముసలామె అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. నేను ఏడు లెక్కపెట్టేదాకా తల ఎత్తిన మనిషి, నా సంతకంతో బయటికొచ్చిన మనిషి, మళ్ళీ అందులోకే వెళ్ళిపోతున్నాడు. రివర్స్ చేసినవాడు రివర్టయ్యాడు.

ముఖానికి మాస్కు పెట్టి బుడగ నొక్కుతూ, సింహాచలం మంచం తోస్తుంటే, థియేటర్‌కి తీసుకెళ్ళి మళ్ళీ గొట్టం వేశాను. ఎవరో క్వార్టర్స్‌కి పరిగెత్తారు. సన్యాసిరావు గారు భోజనం మధ్యలోంచి లేచి వచ్చారు. చేతికి ఇంకా పప్పు మెతుకులున్నాయి. తిన్నగా దాలమ్మని అడిగారు.

"ఏ ఊరమ్మా?"

చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు.

"మందిచ్చే ముందు అడిగేవా ఊరు?"

"లేదండి. తర్వాత అడిగాను."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఆ కొబ్బరి ఊళ్ళవాళ్ళు మత్తులోంచి ఆలస్యంగా లేస్తన్నారు. మూడేళ్ళుగా సూస్తన్నాను. ఎందుకో నాకు తెల్దు. కిడ్నీల సంగతేమోనని అనుమానం. నీకు సెప్పి ఉండాల్సింది. బెల్లం కతలు సెప్పీసి ఊరుకున్నాను" అన్నారు.

అదీ ఆయన ఊరు అడగడం వెనకున్న సంగతి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు అని ఇవాళ పత్రికలన్నీ రాస్తున్నాయి. ఆ రోజుల్లో మా చిన్న ఆసుపత్రిలో ఎవరికీ ఆ మాట తెలియదు. ఏ యంత్రమూ లేకుండా, ఏ పుస్తకమూ చెప్పకుండా, ఒక బెల్లం వ్యాపారి కొడుకు రోగులు కళ్ళు తెరిచే ఆలస్యాన్ని గమనించి, ఆ ఊళ్ళలో ఏదో జరుగుతోందని కనిపెట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం తీరదు. నా చదువంతా కలిపి ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి సరిపోదు.

ఊపిరి మనం పోద్దాం

నేను రెండో రివర్సల్ ఇంజెక్షన్ సిరంజిలోకి తీసుకున్నాను. పెద్దాయన సిరంజి లాక్కుని ట్రేలో పడేశారు.

"ఒకసారి తిప్పేవు కదా, నిలబడిందా? ఇంజెక్షను గంటలో దిగిపోద్ది. ఆ మందు ఒంట్లోనే ఉన్నాది, బయటికెళ్ళే దారి మూసుకుపోయింది. నువ్వు మళ్ళీ తిప్పితే అది మళ్ళీ తిరిగిపోతాది. ఇంక తిప్పడాలు వొద్దు. ఊపిరి మనం పోద్దాం. ఒళ్ళు దాని టైం అది తీసుకుంటాది."

వెంటిలేటర్ లేదు. అంటే చేత్తో నొక్కాలి. నిమిషానికి పన్నెండు, పద్నాలుగుసార్లు, ఎంతసేపో తెలియదు. నేను, సింహాచలం, పెద్దాయన, వంతులేసుకున్నాం. మూడింటికి సింహాచలం బొటనవేలు వాచింది. నాలుగింటికి సన్యాసిరావు గారు దాలమ్మని పిలిచారు. ఆమె చెప్పులు అప్పటికే ఎవరో బయట పెట్టేశారు.

"రావమ్మా. ఇలాగ పట్టుకో. నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా నొక్కు, సరిపోద్ది."

ఆమె తీసుకుంది. ముందు కంగారుగా గబగబా నొక్కింది. తన ఊపిరే కంగారుగా ఉంది కదా. పెద్దాయన ఆమె భుజం మీద చెయ్యేసి, "నువ్వు నెమ్మదిస్తే ఆయన నెమ్మదిస్తాడు" అన్నారు. నెమ్మదించింది. నేను పక్కన నిలబడి కాసేపు ఆమె ఛాతీ, కాసేపు అతని ఛాతీ చూశాను. ఒకటి లేచినప్పుడు రెండోదీ లేస్తోంది. దేవుడి మీద నాకు పెద్ద గురి లేదు కానీ, ఆ గదిలో నాకు చేతులు జోడించాలనిపించింది.

కొంచెం నిద్రమందు ఇచ్చాం. అయినా అతనికి వినిపిస్తుందనే అనుకోవాలి, కదల్లేడు గానీ అన్నీ వినిపిస్తాయి, మాట్లాడుతూ ఉండండి అని పెద్దాయన చెప్పారు. మాకు ఏం మాట్లాడాలో తోచలేదు. దాలమ్మకి తోచింది.

"మావా, నువ్విక్కడ తొంగున్నావు గానీ, అక్కడ పక్కింటి అప్పారావు మన సెట్టెక్కీసి బొండాలు దించీసినాడట. నానేటీ అన్లేదు. నువ్వు లేసి నువ్వే అడుగు. దూడ నిన్నటికాడ్నించి గడ్డి ముట్టట్నేదు. నీ సెయ్యే అలవాటు దానికి. నానెడితే మూతి తిప్పీసుకుంటన్నాది."

సింహాచలం మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆ నాలుగైదు గంటలూ ఒకటే అనుకున్నాను. ఇతను లేవకపోతే ఈమెకి ఏం చెప్పాలి? లేచాడని నేనే సంతకం పెట్టాను కదా.

కిటికీలోంచి ఎండ పల్చబడే వేళకి బుడగ నా చేతిలో ఉంది. నొక్కుతున్నాను. నొక్కబోయేసరికి అది నా వేళ్ళ కిందే కొంచెం లోపలికి పోయింది. నేను నొక్కలేదు. అతను పీల్చాడు.

"సార్" అన్నాను. ఆయన వచ్చి బుడగ మీద నా చేతిపైన చెయ్యి పెట్టారు. ఆగమన్నారు. ఇద్దరం ఆగాం. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత బుడగ మళ్ళీ లోపలికి పోయింది, ఈసారి ఇంకొంచెం బలంగా. ఎవరూ తిప్పలేదు, ఎవరూ ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఆ పాడైన కిడ్నీలే బొట్టు బొట్టుగా ఆ మందుని ఎంత బయటికి పంపగలవో అంత పంపాయి. మిగతాది ఆ ఒళ్ళు చేసుకుంది. నేను చూసిన గొప్ప సంగతి ఏదని ఎవరైనా అడిగితే, ఆ రబ్బరు బుడగ దానంతట అది కుంచించుకోవడం అని చెబుతాను. సముద్రాలూ కొండలూ చూశాను, వాటి దగ్గర నాకు అలా అనిపించలేదు.

గొట్టం ఆ పూట తియ్యలేదు. తెల్లారాక, తల ఎత్తాడు, దించాడు, గంట ఆగి మళ్ళీ ఎత్తమంటే మళ్ళీ ఎత్తాడు, అప్పుడు తీశాం. దాలమ్మ అతని చెయ్యి పట్టుకునే ఉంది. "నొక్కతన్నాడు" అని నాకు చెప్పింది.

తిప్పలేనిది

కుట్లు విప్పే నాటికి కిడ్నీల పరీక్షలు వచ్చాయి. మేము అనుమానించినదే. అప్పటికే చాలావరకు పోయాయి. అన్నాళ్ళూ అతనికి కిడ్నీల నొప్పి లేదు, వాపు లేదు, చెట్లెక్కుతూనే ఉన్నాడు. అలా చప్పుడు లేకుండా పోతాయి అవి.

నేనే చెప్పాను దాలమ్మకి. ఆ మాట చెప్పడం నా బాధ్యతని పెద్దాయన అన్నారు. వరండాలో బల్ల మీద కూర్చుని విన్నది. అంతా విని అడిగింది.

"ఆ రోజు ఊపిరి పోతే తిప్పి తెచ్చీసినారు కదా. ఇదీ తిప్పీగల్రా?"

"లేదమ్మా" అన్నాను. "అది మందు వల్ల పోయింది, మందు దిగగానే వచ్చింది. ఇది తిరిగిరాదు. ఆలస్యం చెయ్యగలం, అంతే."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

ఆమె చెంగు దులుపుకుని లేచింది. "సరే. ఎండెక్కకముందే బస్సుకెళ్ళిపోతాం" అంది. అతన్ని లేవదీసి నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టింది. నేను చేసిన తప్పుకి దణ్ణం పెడుతోందని ఆమెకి తెలియదు. అందుకని మందుల చీటీ ఇవ్వడానికన్నట్టు గేటుదాకా వెళ్ళి చెప్పాను. "నేను ముందు ఊరడిగి ఉంటే ఆ మందు అంత ఇచ్చేదాన్ని కాదు దాలమ్మా. ఆ రోజు తప్పు నాది."

తిరుపతిరావు నవ్వాడు. దాలమ్మ నవ్వలేదు. "ఇంకోళ్ళని అడుగు మరి" అంది.

అడిగాను. ఆ తర్వాత ఎవరికి మత్తిచ్చినా ముందు ఊరు అడిగాను, నుయ్యి అడిగాను. ఆపరేషన్ అయ్యాక ఇంట్లోవాళ్ళలో ఒకరిని పక్కన కూర్చోబెట్టి చెయ్యి పట్టుకోమన్నాను. "నొక్కడం తగ్గితే నన్ను పిలు. నేనెక్కడున్నా రా. చెప్పులతో రా" అని చెప్పేదాన్ని. సిస్టర్లు సణిగారు, సూపరింటెండెంట్లు నోటీసులిచ్చారు. ఇవ్వనీ. ఇప్పుడు కండరాల బలం కొలిచే చిన్న యంత్రాలొచ్చాయి, కిడ్నీలతో పనిలేని మందులొచ్చాయి. మంచిదే, వాడండి. యంత్రం ఉంది కదా అని మనిషి దగ్గర్నించి కదలకండి. యంత్రానికి అంకె తెలుస్తుంది, ఇందాకటికీ ఇప్పటికీ తేడా దాలమ్మకి తెలిసినంతగా దానికి తెలియదు.

చివరి నెల

తిరుపతిరావు తొమ్మిదేళ్ళు బతికాడు. చెట్లు మానేసి కొబ్బరి పీచు తాళ్ళు పేనేవాడు. చివరి రెండేళ్ళూ డయాలసిస్‌కి తిరిగాడు. పోయాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా రిటైర్మెంటుకి ముందు నెలలో పిత్తాశయంలో రాళ్ళ కేసొకటి వచ్చింది. టేబుల్ మీద ఉన్న మనిషి దగ్గరికి జూనియర్ డాక్టరు వెళ్ళి కాగితాలు చూస్తున్నాడు. ఆమె అతన్ని అడగనివ్వలేదు.

"మాది ఉద్దానం బాబూ. నాకూ కిడ్నీలు పాడవతన్నాయట. మందు సూసి వెయ్యాల" అంది.

గొంతు పోల్చుకున్నాను. జుట్టు నెరిసిపోయింది, మనిషి సగమైంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "నువ్వున్నావని సెప్పినారు. అందుకే ఇక్కడికొచ్చినాను. నాకెవుల్నేరమ్మా పక్కన కూకోడానికి. సెయ్యి నువ్వే పట్టుకోవాల."

మత్తు నేనే ఇచ్చాను. కిడ్నీలతో పనిలేని మందే వాడాను. పని సాఫీగా అయింది. రివర్స్ చేశాం. కొలిచే యంత్రం సరైన అంకె చూపించింది. తల ఎత్తింది. జూనియర్ నా వైపు చూశాడు, ఇంక వార్డుకి పంపొచ్చు కదా అన్నట్టు. వార్డుకి నేను కూడా వెళ్ళాను. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నొక్కింది. అయిదు నిమిషాలకోసారి నొక్కమన్నాను, నొక్కుతూనే ఉంది. అరగంట అయింది. గంట అయింది. భయపడవలసిన వేళ దాటిపోయిందని నాకు తెలుసు. ఆ మందుకి అసలు ఆ భయమే లేదని కూడా తెలుసు. నర్సు వచ్చి, "మేడమ్, మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాను" అంది. నేను లేవలేదు. గంటన్నర అయింది.

దాలమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"ఇంక వొగ్గీ తల్లీ" అంది. "సెయ్యి తిమ్మిరెక్కిపోనాది."